నాటకాల వీడియోలకి ఏ ప్రాసెసర్? ఓవర్‌క్లాక్ చేయించాలా, వద్దా?

హార్మోనియం_తెనాలి:

అందరికీ నమస్కారం. మాది తెనాలి. రైస్ మిల్లులో లెక్కలు రాయడం ఉద్యోగం, నాటకాలు పిచ్చి. చుట్టుపక్కల ఊళ్లలో తిరునాళ్లకీ శివరాత్రికీ పౌరాణిక నాటకం వేస్తున్నారంటే కెమెరా పట్టుకుని వెళ్లిపోతాను. తెల్లవార్లూ రికార్డు చేసి, ఇంటికొచ్చి ఎడిట్ చేసి యూట్యూబ్‌లో పెడతాను. పద్యం కుదిరిందంటే జనం ‘వన్స్ మోర్’ అంటారు, నటుడు మళ్లీ ఎత్తుకుంటాడు. అలా మూడు గంటల నాటకం కాస్తా ఐదు గంటలకి తేలుతుంది. ఆ వన్స్ మోర్లు కోసేస్తే చూసేవాళ్లు ఊరుకోరు. అందుకని నా ఫైళ్లన్నీ భారీగానే ఉంటాయి.

సిస్టమ్ 2013లో కొన్నది. ఇంటెల్ ఐ5-3470, 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. మధ్యలో ఎస్ఎస్‌డీ వేయించాను. హ్యాండీక్యామ్ ఒక్కటే ఉన్న రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. నిరుటి నుంచి పక్క యాంగిల్ కోసం ఫోన్‌ని కూడా స్టాండుకి బిగించి 4కేలో తీస్తున్నాను. అప్పటి నుంచి ప్రీమియర్‌లో (వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) టైమ్‌లైన్ ప్లే నొక్కితే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. ఇంకో తలనొప్పి, గంట దాటాక ఫోన్ క్లిప్పులో పెదాలు పద్యానికి కలవడం లేదు. అంతా అయ్యాక వీడియో ఫైలుని కుదించే హ్యాండ్‌బ్రేక్‌లో వేస్తే అది రాత్రంతా నడుస్తుంది. పైగా విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్‌తో అయిపోయింది, ఈ ప్రాసెసర్ మీద విండోస్ 11 అధికారికంగా ఎక్కదు.

దగ్గర్లో ఒక షాపులో అడిగితే ఐ7-14700కే, జడ్790 మదర్‌బోర్డు, లిక్విడ్ కూలర్ రాసిచ్చి ‘ఓవర్‌క్లాక్ చేసి ఇస్తాం సార్, పదేళ్లు చూసుకోనక్కర్లేదు’ అన్నారు. ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువలో నడపడమట. మొత్తం లక్ష దాటింది. విజయవాడలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడేమో ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600 తీసుకుంటే తానే ఓవర్‌క్లాక్ చేసి పెడతానంటాడు, సగం డబ్బుకే ఐ7 స్పీడు వస్తుందట. వాడిదే ఇంకో మాట, ముందు పాతదాన్నే ఓవర్‌క్లాక్ చేసి చూద్దామా మావయ్యా అని.

నా దగ్గరున్నది 55 వేలు. మానిటర్, కీబోర్డు, క్యాబినెట్ ఉన్నాయి. మాది పై అంతస్తు, ఏసీ పడగ్గదిలోనే, కంప్యూటర్ హాల్లో. మే నెలలో ఆ హాలు సంగతి చెప్పక్కర్లేదు. ఏది కొనమంటారు? ఈ ఓవర్‌క్లాకింగ్ నాలాంటివాడికి అవసరమా?

మల్టిప్లయర్:

బాబాయ్ గారూ, మీ మేనల్లుడి మొదటి మాట కరెక్టు, రెండోది వదిలేయండి. 3470కి మల్టిప్లయర్ (చిప్పు స్పీడుని తేల్చే గుణకం) లాక్ చేసి ఉంటుంది. ఇంటెల్‌లో పేరు చివర ‘కే’ ఉంటేనే ఇష్టమొచ్చినంత పెంచుకోనిస్తారు, అదీ జడ్ సిరీస్ బోర్డు మీద. మీ పాత దాంట్లో కెలకడానికి పెద్దగా ఏమీ ఉండదు.

రైజెన్ సంగతి వేరు. 5600కి ఆరు కోర్లు (విడివిడిగా పనిచేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), బూస్ట్ 4.4 గిగాహెర్ట్జ్, లాక్ లేదు. బి450, బి550 బోర్డులు చాలు. ఏ520 మాత్రం వద్దు, అందులో ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ ఆప్షనే ఉండదు. నేను బెంగళూరులో పీజీ రూములో ఇదే వాడుతున్నాను.

అయితే అన్ని కోర్లనీ 4.6 దగ్గర కట్టేసే పాత పద్ధతి నేను చెప్పను. చిప్పు తనంతట తాను స్పీడు పెంచుకుని తగ్గించుకునే తెలివిని మనమే ఆపేసినట్టవుతుంది. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూ) పీబీఓ అనే ఏఎండీ బూస్ట్ సెట్టింగు ఆన్ చేసి, కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో కోరుకి నెగటివ్ నంబరు ఇవ్వాలి. ఒక్కో పాయింటుకి సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతుంది, 30 దాకా వెళ్లొచ్చు. అదే స్పీడు తక్కువ వోల్టేజీకి వస్తే వేడి తగ్గుతుంది, ఆ వెసులుబాటుతో చిప్పు ఇంకాస్త పైకి వెళ్తుంది.

టెస్టింగ్‌లో ఒక మెలిక ఉంది. నా దాంట్లో అన్ని కోర్లకీ మైనస్ 30 పెడితే, ప్రాసెసర్‌కి పరీక్ష పెట్టే సినీబెంచ్ గంటలకొద్దీ బ్రహ్మాండంగా నడిచింది. ఏ పనీ లేకుండా బ్రౌజర్ తెరిచి కూర్చుంటే మాత్రం ఉన్నట్టుండి రీస్టార్ట్! ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తప్పులు రాసిపెట్టే చోటు) డబ్ల్యూహెచ్ఈఏ లాగర్, ఈవెంట్ 18, కింద ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ 4 అని ఉంది. కోరుకి రెండు థ్రెడ్లు కాబట్టి 4, 5 అంటే, సున్నా నుంచి లెక్కపెడితే, రెండో నంబరు కోరు. ఆ ఒక్కదాన్ని మైనస్ 18కి తెచ్చాక కుదురుకుంది. కోర్లన్నీ కలిసి పనిచేసేటప్పుడు స్పీడు కొంచెం తక్కువే ఉంటుంది. ఒకే కోరు ఒంటరిగా పైకి ఎగిరినప్పుడే బలహీనమైనది బయటపడుతుంది. అందుకే కోర్‌సైక్లర్ అనే టూల్‌తో ఒక్కో కోరునీ విడిగా టెస్ట్ చెయ్యాలి, రాత్రి పెట్టి పడుకోవడమే. మీ మేనల్లుడికి ఈ మాట చెప్పండి, సినీబెంచ్ పాసైందని సంబరపడిపోతాడు.

స్క్రూడ్రైవర్_అక్క:

అన్నగారూ, నమస్తే. సికింద్రాబాద్‌లో సిస్టమ్‌లు బిగించడమే నా పని. మల్టిప్లయర్ తమ్ముడు చెప్పినదాంట్లో తప్పు లేదు గానీ, రోగం ఏంటో చూడకుండానే మందు రాసేశాడు.

ముందు మీరు రెండు పనులు చెయ్యండి. మీడియాఇన్ఫో అని చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటుంది, ఉచితం. హ్యాండీక్యామ్ క్లిప్పు ఒకటి, ఫోన్ క్లిప్పు ఒకటి అందులో వేసి ఫార్మాట్ ఏమని రాస్తోందో, ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర ఏముందో చూడండి. తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచిపెట్టుకుని, ప్రీమియర్‌లో ఒక్కో క్లిప్పునీ విడిగా ప్లే చేసి సీపీయూ ఎంత, మెమరీ ఎంత అన్నది రాసి పెట్టండి. మీ యూపీఎస్ ఎన్ని వీఏదో కూడా చెప్పండి.

ఈలోగా ఆ లక్ష రూపాయల కొటేషన్ గురించి ఒక మాట. 14700కే చెడ్డ చిప్పేమీ కాదు. 20 కోర్లు, 28 థ్రెడ్లు. హ్యాండ్‌బ్రేక్‌లో దాని ముందు 5600 నిలబడదు, ఎంత ఓవర్‌క్లాక్ చేసినా నిలబడదు. మీ మేనల్లుడు ఆ ఆశ వదులుకోవాలి. కానీ ఫుల్ లోడ్‌లో ఆ చిప్పు ఒక్కటే 253 వాట్లు లాగేలా డిజైన్ చేశారు. ఓవర్‌క్లాక్ అంటే అంతకు మించి. మీ హాల్లో అది 250 వాట్ల హీటర్ కింద లెక్క, తెల్లవార్లూ.

ఇంకోటి. 13, 14 తరాల చిప్పుల్లో అవసరానికి మించిన వోల్టేజీ వెళ్లి లోపలి సర్క్యూట్లు ముందే వయసైపోయి క్రాష్‌లు వచ్చాయని 2024లో ఇంటెల్ స్వయంగా ఒప్పుకుంది. ఆగస్టులో, సెప్టెంబర్‌లో మైక్రోకోడ్ (చిప్పు లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. ఇప్పుడు కొత్త బయోస్ వేసుకుని మామూలు సెట్టింగుల్లో వాడుకుంటే ఇబ్బంది ఉండకూడదు. కానీ వోల్టేజీ వల్లే గొడవ వచ్చిన చిప్పుకి ఇంకా వోల్టేజీ ఎక్కించి ‘పదేళ్లు’ అనడం నా నోటితో నేనైతే అనను.

హార్మోనియం_తెనాలి:

చెల్లెమ్మా, మీరు చెప్పినట్టే చేశాను. హ్యాండీక్యామ్ క్లిప్పు: ఏవీసీ, ఫ్రేమ్ రేట్ మోడ్ కాన్‌స్టంట్. ప్లే చేస్తే సీపీయూ 35 శాతం అటూ ఇటూ, సాఫీగా నడిచింది. ఫోన్ క్లిప్పు: హెచ్ఈవీసీ, 3840 ఇంటు 2160, ఫ్రేమ్ రేట్ మోడ్ వేరియబుల్. ప్లే నొక్కగానే సీపీయూ 100కి తగిలి అక్కడే కూర్చుంది, బొమ్మ ముక్కలు ముక్కలు. మెమరీ 7.6 జీబీ. మౌస్ కూడా బరువెక్కినట్టుంది. యూపీఎస్ 600 వీఏ, మానిటర్ కూడా దాని మీదే.

స్క్రూడ్రైవర్_అక్క:

ఇప్పుడు తేలిపోయింది. మీ కష్టానికి కారణం గిగాహెర్ట్జ్ కాదు అన్నగారూ, ఆ హెచ్ఈవీసీ అన్న మాట. ఏవీసీ, హెచ్ఈవీసీ అంటే వీడియోని కుదించే పద్ధతులు, హెచ్ఈవీసీ కొత్తది, విప్పడం కష్టం. ఇంటెల్ చిప్పుల్లో వీడియో విప్పడానికీ కుదించడానికీ క్విక్ సింక్ అని ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. మీ 3470లో ఉన్న పాత క్విక్ సింక్‌కి ఏవీసీ లాంటి పాత పద్ధతులే తెలుసు. హెచ్ఈవీసీ దానికి ఆరో తరంలో వచ్చింది, 10 బిట్ హెచ్ఈవీసీ ఏడో తరంలో. మీది మూడో తరం. అందుకని ఫోన్ క్లిప్పు వచ్చినప్పుడల్లా ఆ నాలుగు కోర్లూ చేత్తో లెక్కలేసినట్టు ఒక్కో ఫ్రేమునీ విప్పాల్సి వస్తోంది. దీన్ని ఓవర్‌క్లాక్ చేసినా 100 శాతం 95 అవుతుందేమో, అంతే.

పెదాలు కలవకపోవడం ఇంకో కథ, దానికీ ప్రాసెసర్‌కీ సంబంధం లేదు. ఫోన్ వెలుతురునీ వేడినీ బట్టి సెకనుకి తీసే ఫ్రేముల సంఖ్య మార్చుకుంటూ పోతుంది. అదే వేరియబుల్ అంటే. పాత ప్రీమియర్ అన్నీ సమానంగా ఉన్నాయనుకుని పేర్చేస్తుంది, గంటకి ఆ తేడా పేరుకుపోతుంది. ఎడిటింగ్‌కి ముందే ఫోన్ క్లిప్పుని హ్యాండ్‌బ్రేక్‌లో వేసి, వీడియో ట్యాబ్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని మార్చుకోండి. ఈ పని ఇవాళే, పాత సిస్టమ్ మీదే చెయ్యొచ్చు. అక్కడే సైజు 1080కి తగ్గించి, ఏవీసీలోకి మార్చారంటే టైమ్‌లైన్ కూడా చాలావరకు తేలికపడుతుంది. ఫైనల్ వీడియో 1080లోనే పెడుతున్నారు కదా, నష్టం లేదు.

కొత్తది కొనడం మాత్రం కొనాల్సిందే. నా మాట వింటే ఐ5-12400 తీసుకోండి. పేరు చివర ఏ అక్షరమూ లేనిది. 12400ఎఫ్ అని ఉంటుంది, కాస్త తక్కువకి వస్తుంది, ‘రెండూ ఒకటే’ అని చేతిలో పెడతారు. కోర్లూ స్పీడూ ఒకటే, నిజమే. కానీ ఎఫ్‌లో గ్రాఫిక్స్ పనిచేయదు, గ్రాఫిక్స్‌తోపాటే క్విక్ సింక్ కూడా పోయింది. మీకు కావాల్సిందే అది. 5600లోనూ గ్రాఫిక్స్ ఉండదు, దానికి విడిగా కార్డు కొనాలి. కార్డు డబ్బులు మీ బడ్జెట్‌లో ఎక్కడున్నాయి?

12400కి ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. మీ పాతదానితో పోలిస్తే ఒక్కో కోరు దాదాపు రెట్టింపు పని చేస్తుంది, హ్యాండ్‌బ్రేక్‌లో మూడు నాలుగు రెట్లు తేడా కనిపిస్తుంది. యూట్యూబ్ మనం పెట్టినదాన్ని ఎలాగూ మళ్లీ కుదిస్తుంది కాబట్టి, హ్యాండ్‌బ్రేక్‌లో ఎన్‌కోడర్ దగ్గర క్విక్ సింక్ ఎంచుకుని బిట్‌రేట్ కాస్త ధారాళంగా ఇవ్వండి. అప్పుడు రాత్రంతా కూర్చోదు. ఇంట్లో దాచుకునే కాపీకి మాత్రం ఎక్స్264 (క్విక్ సింక్ లేకుండా కోర్లతోనే కుదించే ఎన్‌కోడర్) పెట్టుకోండి, అది నిదానమైనా సైజుకి తగ్గ నాణ్యత ఇస్తుంది. పడుకునేటప్పుడు పెట్టి పొద్దున్న తీసుకుంటారు, ఆ నిద్రలో అరగంట ముందయితే ఏంటి, వెనకయితే ఏంటి.

ఇక ఓవర్‌క్లాకింగ్. 12400కి లాక్, అసలు ఆ ప్రశ్నే రాదు. అయినా మీరు అడిగారు కాబట్టి లెక్క చెప్తాను. చిప్పు తినే కరెంటు స్పీడు పెరిగినంతే పెరుగుతుంది, వోల్టేజీకి మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది, అంటే వోల్టేజీ రెట్టింపయితే కరెంటు నాలుగింతలు. ఒక చిప్పు 1.15 వోల్టుల దగ్గర 4.3 గిగాహెర్ట్జ్‌లో నడుస్తోందనుకోండి. దాన్ని 4.6కి తోయడానికి 1.30 వోల్టులు కావాల్సి వచ్చింది. స్పీడు పెరిగింది 7 శాతం, వేడి పెరిగింది దాదాపు 37 శాతం. ఐదు గంటల ఎన్‌కోడింగ్‌లో మీకు మిగిలేది 20 నిమిషాలు.

ఆ వేడి ఎక్కడికి పోవాలి? యూట్యూబ్‌లో రివ్యూలు చేసేవాళ్లు ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర కొలిచి 75 వచ్చింది, భేష్ అంటారు. మీ హాల్లో మే నెల మధ్యాహ్నం 38 ఉంటే అదే కూలర్‌తో అదే చిప్పు 88 చూపిస్తుంది. లిక్విడ్ కూలర్ పెట్టినా గది వేడి కంటే కిందికి దించలేదు, అది ఫ్రిజ్ కాదు. పంపు పోతే కూలింగే ఆగిపోతుంది కూడా. 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న మామూలు టవర్ కూలర్ రెండు వేలకి దొరుకుతుంది, 12400కి అదే ఎక్కువ. డబ్బాలో వచ్చే ఫ్యాన్‌తో కూడా నడుస్తుంది గానీ వేసవిలో చప్పుడు చేస్తుంది, మీరు పద్యం వినాలి కదా.

యూపీఎస్ ఎందుకడిగానంటే, 600 వీఏ అంటే సాధారణంగా మోసేది 360 వాట్లే. 14700కే పెట్టుంటే, ఎన్‌కోడింగ్ మధ్యలో కరెంటు పోతే మానిటర్‌తో కలిపి ఆ క్షణంలోనే అది చేతులెత్తేసే ప్రమాదం ఉండేది. 12400 సిస్టమ్ మొత్తం కలిపి ఎన్‌కోడింగ్‌లో 120 వాట్ల చుట్టూ ఉంటుంది.

పాత క్యాబినెట్ ఉంచుకోండి, ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) మాత్రం ఉంచొద్దు. 2013 నాటిదాన్ని కొత్త బోర్డుకి తగిలించమని ఎవరన్నా నేను బిగించను.

పాత_పెంటియం:

అమ్మాయి చెప్పిన లెక్క బాగుంది. మా కాలం వేరు, అది కూడా చెప్పుకోనివ్వండి. 1998లో సెలెరాన్ 300ఏ అని వచ్చింది. మల్టిప్లయర్ 4.5కి లాక్. కానీ బోర్డులో బస్సు స్పీడు (మల్టిప్లయర్‌తో గుణించే మూల స్పీడు) 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే చిప్పు 300 నుంచి 450కి లేచి కూర్చునేది, చాలా చిప్పులు వోల్టేజీ పెద్దగా పెంచకుండానే. అప్పుడు ఇంటెల్ వాళ్ల ఖరీదైన పెంటియం 2 స్పీడు కూడా 450యే. ఏకంగా యాభై శాతం, ఊరికే! మేం రాత్రిళ్లు నిద్ర మానుకున్నామంటే అర్థం ఉంది. 2011లో ఐ5-2500కే వచ్చేదాకా ఆ పండగ నడిచింది. 3.3 అని రాసున్న చిప్పుని మామూలు ఎయిర్ కూలర్‌తో 4.5కి తీసుకెళ్లేవాళ్లం.

తర్వాత కంపెనీలు తెలివి మీరాయి. టర్బో, బూస్ట్ అంటూ ఒక్కో కోరుకీ ఎంత వేడి, ఎంత వోల్టేజీ అన్నది చిప్పే సెకనుకి ఎన్నోసార్లు కొలుచుకుని, మనం పిండుకునేదంతా ఫ్యాక్టరీలోనే పిండేస్తున్నారు. డబ్బా మీద పెద్ద నంబరు వేసుకోవడానికి. ఇప్పుడు మనకి మిగిల్చింది ఆ 5, 7 శాతం. దానికోసం లక్ష పెట్టించే షాపువాళ్లని చూస్తే నవ్వొస్తుంది మాస్టారూ.

మల్టిప్లయర్:

అక్కా, హెచ్ఈవీసీ పాయింటు నాకు తట్టలేదు, బాబాయ్ గారికి 12400 సరే. కానీ ఓవర్‌క్లాకింగ్ అంటే ఎక్కించడమే అన్నట్టు రాశారు, అక్కడ ఒప్పుకోను. నేను చేసేది దించడం. కర్వ్ ఆప్టిమైజర్ పెట్టాక నా 5600 అదే స్పీడు దగ్గర ఏడెనిమిది డిగ్రీలు చల్లగా ఉంటోంది. మీ వర్గం లెక్కే, వెనక్కి తిప్పితే నాకు లాభం. వేడి ఊళ్లలో ఉన్నవాళ్లే ఇది ముందు చెయ్యాలి.

లాక్ ఉన్నా మార్గం లేదని కూడా కాదు. 2022లో కొన్ని బి660 బోర్డుల్లో బేస్ క్లాక్ (అదే ఆ మూల స్పీడు) విడిగా మార్చే చిప్పు ఉండేది, వాటి మీద 12400ని కొందరు 5 గిగాహెర్ట్జ్ దాటించారు. పెద్దాయన చెప్పిన సెలెరాన్ ట్రిక్కే ఇది కూడా.

స్క్రూడ్రైవర్_అక్క:

దించడం మీద నాకు గొడవ లేదు తమ్ముడూ, నా దగ్గరికి వచ్చే రైజెన్లకి అడిగితే నేనూ చేసిస్తాను. మైనస్ 30 కాదు, అన్నిటికీ మైనస్ 10 పెట్టి పంపిస్తాను, ఎందుకంటే రాత్రి రెండింటికి రీస్టార్ట్ అయితే ఫోన్ నాకే వస్తుంది. వారంటీ కాగితాల్లో పీబీఓ కూడా ఓవర్‌క్లాకింగ్ కిందికే వస్తుందని మాత్రం గుర్తుపెట్టుకో.

ఆ బేస్ క్లాక్ బోర్డులు వెతికి కొనే ఖర్చుతో పెద్ద చిప్పే వస్తుంది. పైగా ఇంటెల్ వద్దని చెప్పిన పని. సరదాకి నువ్వు చేసుకో, అన్నగారికి చెప్పకు. ఐదు గంటల నాటకం ఎన్‌కోడ్ నాలుగో గంటలో ఆగిపోతే మొదటి నుంచి పెట్టాలి.

ఓవర్‌క్లాక్ అనదగ్గది మీరు చేసుకోవాల్సింది ఒకటే ఉంది అన్నగారూ, ర్యామ్ ప్రొఫైల్, అంటే ర్యామ్‌ని దాని మీద రాసున్న స్పీడుకి తెచ్చే సెట్టింగు. హెచ్610 బోర్డు కాకుండా డీడీఆర్4 ర్యామ్ పట్టే బి660 గానీ బి760 గానీ తీసుకోండి. డీడీఆర్5 ఊసు వద్దు, ఏఐ డేటా సెంటర్లకి మెమరీ అంతా తరలిపోయి ధరలు మండిపోతున్నాయి. డీడీఆర్4 కూడా తక్కువేం లేదు గానీ దానికంటే నయం. 3200 స్పీడు, సీఎల్16 (ర్యామ్ స్పందించే ఆలస్యం) అని అడగండి. 3600 బాగుంటుందని ఎవరైనా అంటే వినొద్దు, లాక్ ఉన్న 12వ తరం చిప్పుల్లో మెమరీ కంట్రోలర్ వోల్టేజీ పెంచుకోనివ్వరు, అక్కడ తడబడుతుంది. ఒకటే 32 జీబీ స్టిక్కు కాదు, 16వి రెండు.

హార్మోనియం_తెనాలి:

అందరికీ ధన్యవాదాలు. వేరే షాపులో కొటేషన్ తీసుకున్నాను. 12400, బి760 బోర్డు, 16 ఇంటు 2 ర్యామ్, ఎస్ఎంపీఎస్, టవర్ కూలర్, అన్నీ కలిపి 53 వేల చిల్లర. పాత ఎస్ఎస్‌డీనే వాడుకుంటున్నాను. మొదట 12400ఎఫ్ డబ్బానే తెచ్చారు. చివర అక్షరం చూపించి వద్దంటే ‘కార్డు వేసుకుంటారనుకున్నాం సార్’ అన్నారు. ఫోన్ క్లిప్పుని కాన్‌స్టంట్‌కి మార్చి చూశాను, గంటన్నర దగ్గర కూడా పెదాలు కలిశాయి. ఇది ముందే తెలిస్తే నిరుడు తీసినవన్నీ చేత్తో ముక్కలు కోసి జరిపేవాణ్ని కాదు.

రాత్రి మా మేనల్లుడు వచ్చి బిగించాడు. విండోస్ 11 ఎక్కింది. రెండు అనుమానాలు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడు 2133 అని చూపిస్తోంది, 3200 అని కదా కొన్నాం? ప్రీమియర్ కొత్త వెర్షన్ వేసుకున్నాను, 4కే హెచ్ఈవీసీ క్లిప్పు ఇప్పుడు కదులుతోంది గానీ సీపీయూ ఇంకా 60 దాకా వెళ్తోంది.

స్క్రూడ్రైవర్_అక్క:

2133 అంటే ర్యామ్ కంపెనీ సెట్టింగు ఇంకా ఆన్ చెయ్యలేదు. సిస్టమ్ ఆన్ చేసేటప్పుడు డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి వెళ్లండి, ఎక్స్ఎంపీ అని ఉంటుంది, ప్రొఫైల్ 1 ఎంచుకుని సేవ్ చెయ్యండి. స్క్రీన్ నల్లగా ఉండి ఒకట్రెండుసార్లు తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది, కంగారుపడి స్విచ్ తియ్యొద్దు. అలాగే స్టిక్కులు ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో ఉన్నాయో లేదో చూడమనండి. చాలామంది మొదటి రెండింటిలో గుచ్చేస్తారు, అప్పుడు రెండూ ఒకే ఛానల్‌లో పడతాయి. బోర్డులో రెండే స్లాట్లుంటే ఆ గొడవ లేదు. తర్వాత ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రికి పెట్టండి, ఒక్క ఎర్రర్ కూడా రాకూడదు.

ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్, మీడియా కిందికి వెళ్తే హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్ అని ఉంటుంది. టిక్ పెట్టి ప్రీమియర్ మూసి తెరవండి. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీలో వీడియో డీకోడ్ అన్న గీత కదలాలి.

హార్మోనియం_తెనాలి:

3200 వచ్చింది. స్టిక్కులు మొదటి రెండింటిలోనే ఉన్నాయి, మార్పించాను. వీడియో డీకోడ్ గీత కదులుతోంది, సీపీయూ 15 దాటడం లేదు. మెమ్‌టెస్ట్ ఈ రాత్రికి పెడతాను. మా వాడు కర్వ్ ఆప్టిమైజర్ ఎక్కడుందని బయోస్ అంతా వెతుకుతున్నాడు, ఇంటెల్‌లో ఆ పేరుతో ఉండదని మల్టిప్లయర్ బాబు వాడికి కాస్త చెప్పాలి.